క్లీన్ టెక్నాలజీ వచ్చేస్తే మనిషి జాతి గట్టెక్కినట్టేనా?

గోదారిగట్టు
అందరికీ నమస్తే. ఈ మధ్య ఎక్కడ చూసినా ఇదే మాట. సోలార్ చవకైపోయింది, బ్యాటరీలు చవకవుతున్నాయి, ఇంకో ఇరవై ముప్ఫై ఏళ్లలో బొగ్గు, పెట్రోలు అక్కర్లేదు, ఇక దిగులు పడాల్సిన పని లేదు అంటున్నారు. నాకూ నమ్మాలనే ఉంది. 2010లో మన దేశంలో పెద్ద సోలార్ టెండర్లు మొదలైనప్పుడు యూనిట్ ధర పదకొండు, పన్నెండు రూపాయలు పలికింది. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కుకి 3.15 వచ్చింది, మరుసటి నెల రాజస్థాన్ భడ్లాలో 2.44కి పడిపోయింది. ఏడేళ్లు తిరక్కుండా ఐదో వంతుకి దిగిందన్నమాట. కానీ అదే ఏళ్లలో గాల్లో కార్బన్ డయాక్సైడ్ మాత్రం దిగలేదు. హవాయిలో మౌనా లోవా కొండ మీద 1958లో కొలత మొదలుపెట్టినప్పుడు 315 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 315 పాళ్లు) దగ్గర ఉండేది, 2013లో 400 తాకింది, ఇప్పుడు 420 కూడా దాటేసింది. మరి తేడా ఎక్కడ కొడుతోంది? మనిషి ఇంకో వెయ్యేళ్లు ఈ భూమ్మీద బతికి బట్టకట్టడానికి టెక్నాలజీ శుభ్రపడితే సరిపోతుందా, ఇంకేమైనా కావాలా? మీ ఊళ్లో మీరు చూసింది రాయండి, వీడియో లింకులు పెట్టకండి.

మ్యూనిక్‌మధు
సరిపోతుందనే అంటాను. ఓజోన్ సంగతి గుర్తు చేసుకోండి. ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడే సీఎఫ్‌సీ గ్యాసులు ఓజోన్ పొరని తినేస్తాయని 1974లో మొలీనా, రోలండ్ చెప్పారు, 1985లో అంటార్కిటికా మీద చిల్లు బయటపడింది, 1987లో మాంట్రియల్ ఒప్పందం అయింది. ఇప్పుడు ఆ చిల్లు 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని అంచనా. దీనికోసం ఎవరూ ఫ్రిజ్ మానుకోలేదు, లోపల గ్యాసు మారిందంతే. జనానికి త్యాగాలు చేయమని చెప్తే ఎవరూ వినరు, అదే పని చేసే శుభ్రమైన వస్తువు తక్కువ ధరకి చేతికిస్తే వాళ్లే మారతారు. నేను ఇక్కడ బ్యాటరీల రంగంలోనే పని చేస్తున్నాను, మార్పు ఎంత వేగంగా జరుగుతోందో రోజూ చూస్తున్నాను.

కెమిస్ట్రీ_మేడం
మధు గారూ, ఉదాహరణ మంచిదే గానీ సగమే చెప్పారు. గ్యాసు దానంతటది మారలేదండీ. ఏ సంవత్సరానికి ఎంత తగ్గించాలో దేశాలన్నీ కూర్చుని రాసుకున్నాయి, మనలాంటి దేశాలకి అదనంగా పదేళ్ల గడువిచ్చారు, మారడానికయ్యే ఖర్చుకి ఒక నిధి పెట్టారు, ఒప్పందంలో చేరని దేశాలతో ఆ గ్యాసుల వ్యాపారం చేయకూడదన్నారు. ఇదంతా ఉంది కాబట్టే కంపెనీలు కొత్త గ్యాసు వైపు పరిగెత్తాయి. ఇంకో సంగతి. సీఎఫ్‌సీ బదులు తెచ్చిన హెచ్‌ఎఫ్‌సీ ఓజోన్‌కి హాని చేయదు, కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వందల నుంచి వేల రెట్లు ఘనమైనది. దాన్ని తగ్గించడానికి 2016లో కిగాలిలో మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది. ఒకసారి శుభ్రమైనది కనిపెట్టేసి చేతులు దులుపుకోవడం కుదరదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మ్యూనిక్‌మధు
ఒప్పుకుంటాను మేడం, ఒప్పందం కావాలి. కానీ బదులు వాడే గ్యాసు సిద్ధంగా లేకపోతే ఆ ఒప్పందం మీద ఎవరూ సంతకం పెట్టేవాళ్లు కాదు. ముందు టెక్నాలజీ, తర్వాతే మిగతావి.

కళ్యాణదుర్గం_రైతు
మాది అనంతపురం జిల్లా. మా కళ్ల ముందు జరిగేది చెప్తా, మీరే తీర్పు చెప్పండి. మా వైపు సోలార్ మోటార్లు వచ్చి కొన్నేళ్లయింది, సబ్సిడీ మీద చాలామంది పెట్టుకున్నారు. మా పొలం ఆనుకుని ఉన్న ఆయన ఐదు హెచ్‌పీది బిగించుకున్నాడు. అంతకుముందు కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని పోయి మోటారు వేసేవాడు, పాము కరుస్తుందని భయం, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే వారాల తరబడి ఎదురుచూపు. ఆ కష్టమంతా పోయింది, దానికి నేను కూడా సంతోషపడినా. పొద్దు పొడిస్తే మోటారు తిరుగుతుంది, పొద్దు గుంకితే ఆగుతుంది. డీజిల్ ఖర్చు లేదు, పొగ లేదు. మీ లెక్కలో ఇది నూటికి నూరు పాళ్లు క్లీన్.

ఇప్పుడు అసలు విషయం. నీళ్లు ఊరికే వస్తున్నాయి కదా అని వేరుశనగ తీసేసి చీనీ (బత్తాయి) చెట్లు పెట్టినాడు. ఆయన్ని చూసి ఇంకో నలుగురు పెట్టినారు. చీనీకి ఏడాది పొడుగునా తడి ఉండాల, వేరుశనగ మాదిరి వానకి వదిలేస్తే కుదరదు. బోరు ముందు ధారగా పోసేది, తర్వాత ఆగి ఆగి పోయడం మొదలైంది, తర్వాత ఇంకో బోరు, ఇంకా లోతుకి. మా వైపు వెయ్యి అడుగులు దింపడం మామూలైపోయింది. బోరు బండి వాడికి ఇచ్చే డబ్బు అప్పు తెచ్చేదే. మోటారుకి ఇంధనం సూర్యుడే, రోజూ వస్తాడు. బోర్లోకి నీళ్లు యాడ నుంచి వస్తాయి? మా జిల్లాలో పడే వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అది కూడా పడిన ఏడాది.

సోలార్ తప్పని నేను చెప్పట్లేదు. దాంతోపాటు ఇంత తోడుకోవాల, ఇంతకు మించి తోడకూడదు అనే మాట ఒక్కటీ రాలేదని చెప్తాండా.

గోదారిగట్టు
అన్నా, నేను అడగాలనుకున్నది సరిగ్గా ఇదే. 1865లో జెవన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త బొగ్గు విషయంలో ఇదే గమనించాడు. ఆవిరి ఇంజన్లు మెరుగుపడి తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేస్తుంటే దేశంలో బొగ్గు వాడకం తగ్గాల్సింది పోయి పెరిగిపోయింది, ఎందుకంటే చవకయ్యేసరికి ఇంజన్లు పెట్టనివాళ్లు కూడా పెట్టారు.

సబ్‌స్టేషన్_శ్రీను
నేను విద్యుత్ పంపిణీలో పని చేస్తాను, ఇటు తెలంగాణ వైపు. రైతు అన్న చెప్పింది సోలార్‌కే కాదు, ఉచిత కరెంటుకీ వర్తిస్తుంది. 2018 జనవరి 1 నుంచి ఇక్కడ వ్యవసాయానికి 24 గంటలు ఇస్తున్నారు. అప్పుడు మాకు పెద్ద తలనొప్పి ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆన్ అయిపోయే డబ్బా అది. రోజుకి కొన్ని గంటలే కరెంటున్నప్పుడు రైతుకి అది అవసరం. 24 గంటలు వచ్చాక కూడా అది అలాగే ఉంటే మడి నిండి పొర్లుతున్నా మోటారు ఆగదు. వాటిని తీసేయమని ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది. కొందరు తీశారు, కొందరు మేం వెనక్కి తిరగ్గానే మళ్లీ బిగించారు. వాళ్లని తప్పు పట్టను, పక్కవాడు తోడేస్తుంటే నేనెందుకు ఆగాలి అని ప్రతివాడికీ ఉంటుంది, భూమి కింద గట్లు లేవు కదా.

ఇంకో మాట. మధు గారు చెప్పినంత తేలిక కాదు గ్రిడ్ పని. మధ్యాహ్నం సోలార్ దండిగా వస్తుంది, సాయంత్రం ఆరయ్యేసరికి పడిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లల్లో లైట్లు, ఏసీలు, వంటిళ్లు మొదలవుతాయి. ఆ నాలుగైదు గంటలు గట్టెక్కించేది ఇవాళ్టికీ బొగ్గు, జలవిద్యుత్తే. దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, డీజిల్ కానిదే అయిందని 2025లో ప్రకటించారు, నిజమే. కానీ మీటర్లో తిరిగే యూనిట్లు చూస్తే నూటికి డెబ్బై చుట్టుపక్కల ఇంకా బొగ్గువే. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. ఈ రెండూ కలిపేసి పేపర్లో వేస్తుంటే నాకు కడుపు మండిపోతుంది.

పరిష్కారం లేదనట్లేదు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి ఎక్కించి రాత్రి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజీ ఉంది. శ్రీశైలం ఎడమగట్టులో ఆరు యూనిట్లు, ఒక్కోటి 150 మెగావాట్లు, రెండు వైపులా తిరిగేలా ఎప్పుడో కట్టారు. ఇప్పుడు కర్నూలు వైపు పిన్నాపురంలో 1,680 మెగావాట్లది వచ్చింది. ఎక్కించిన కరెంటులో నాలుగింట మూడొంతుల పైన తిరిగి వస్తుంది. అంటే పని అయ్యేదే, కానీ డబ్బు, భూమి, ఏళ్లు పడుతుంది.

రోళ్లపాడు_పిట్ట
భూమి అన్నారు కాబట్టి నేనూ రాస్తాను. కర్నూలు సోలార్ పార్కు గని, శకునాల దగ్గర 2017లో మొదలైనప్పుడు వెయ్యి మెగావాట్లు, దాదాపు ఆరు వేల ఎకరాలు. రికార్డుల్లో ఇలాంటి భూముల్ని బంజరు అని రాసేస్తారు. అక్కడ గొర్రెలు మేపుకునేవాళ్లకి, బట్టమేక పిట్టకి, జింకకి అది బంజరు కాదు. బట్టమేక కోసమే 1988లో రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనబడటం గగనం, దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయి. న్యాయంగా చెప్పాలంటే మా దగ్గర అది సోలార్ వల్ల పోలేదు. కాలువ నీళ్లొచ్చి పంటలు మారాయి, గడ్డి మైదానం తగ్గింది, కుక్కలు పెరిగాయి, అదంతా అంతకు ముందే. రాజస్థాన్, గుజరాత్‌లో మాత్రం సోలార్, గాలిమరల కరెంటు తీగలకి తగిలి చస్తున్నాయి. బరువైన పిట్ట, ఎదురుగా ఉన్న తీగ దానికి సరిగ్గా కనబడదు, కనబడేసరికి పక్కకి తిరగలేదు. 2021లో సుప్రీంకోర్టు తీగలు భూమి లోపల వేయమంది, 2024లో ఆ ఉత్తర్వు సడలించి కమిటీ వేసింది.

పిట్టకీ మనిషి మనుగడకీ ఏం సంబంధం అనేవాళ్లు రాబందుల సంగతి చూడండి. పశువులకి వేసే డైక్లోఫెనాక్ వల్ల నూటికి తొంభైకి పైగా పోయాయి. 2006లో నిషేధించినా ఇప్పటికీ కోలుకోలేదు. అది కూడా పనికొచ్చే మందే, నొప్పి తగ్గించేదే. కళేబరం తిన్న రాబందు కిడ్నీలు పాడవుతాయని ఎవరూ ముందు చూడలేదు.

నల్లబంగారం
మాది మణుగూరు. నాన్న అండర్‌గ్రౌండ్‌లో చేసి రిటైరయ్యారు. బొగ్గు పోవాలి అని ఇక్కడ అందరూ తేలిగ్గా రాస్తున్నారు. నేను కాదనను, దుమ్ము పీల్చింది మేమే, ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగుకి గోడలు నెర్రెలిచ్చింది మా ఇళ్లే. కానీ ఒకప్పుడు సింగరేణిలో లక్ష మందికి పైగా పర్మినెంట్ కార్మికులుండేవాళ్లు, ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల. అది సోలార్ వల్ల కాదు, యంత్రాలు, ఓపెన్‌కాస్టుల వల్ల. ఒక టెక్నాలజీ మారినప్పుడు ఊరు ఏమైపోతుందో మాకు ముందే తెలుసు. సింగరేణి కూడా సోలార్ ప్లాంట్లు పెడుతోంది, మంచిదే. కట్టడం అయిపోయాక ఆ ప్లాంటులో ఎంతమందికి పని ఉంటుందో వెళ్లి చూడండి, ప్యానెళ్లు తుడిచేవాళ్లు, సెక్యూరిటీ, ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు. శుభ్రమైన టెక్నాలజీ వస్తే మనిషి జాతి బతుకుతుంది అంటున్నారు, ఆ జాతిలో మణుగూరు, యెల్లందు, గోదావరిఖని కూడా ఉన్నాయి. మా గురించి ముందు ఆలోచించకపోతే మా ఊళ్లే అడ్డం తిరుగుతాయి, ఓట్లు కూడా అటే పడతాయి, అప్పుడు ఆ మార్పు ఎవరి వల్లా కాదు.

బీల_ప్రాంతం
సోంపేట నుంచి. 2010 జులై 14న మా బీలలో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. ఆ తడి నేల మాకు చేపలు, వరి, పశువుల మేత ఇస్తుంది. ప్రాజెక్టు ఆగింది. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఇది బొగ్గు కాదు క్లీన్ ఎనర్జీ, భూమి ఇవ్వండి అంటే మా జవాబు మారుతుందా? మమ్మల్ని అడిగారా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

మ్యూనిక్‌మధు
ఇక్కడ అందరూ నా మీదికే వస్తున్నారు గానీ, ఒక్క మాట వినండి. ఇవేవీ క్లీన్ టెక్నాలజీ లోపాలు కావు, దాన్ని పెట్టే తీరులో లోపాలు. బొగ్గు ఉంటే ఇవన్నీ ఉంటాయి, పైగా పొగ కూడా ఉంటుంది. బ్యాటరీల్లో కోబాల్ట్ కోసం కాంగోలో పిల్లల చేత పని చేయిస్తున్నారని అందరూ తిట్టారు, సరైన తిట్టే. ఇప్పుడు ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల్లో కోబాల్ట్, నికెల్ రెండూ లేవు, చైనాలో ఎలక్ట్రిక్ కార్లకి సగానికి పైగా అవే. అలా ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ పోతాం. అణువిద్యుత్ కూడా కావాలనే అంటాను. వ్యర్థం ఏం చేయాలంటారు కదా, ఫిన్లాండ్ వాళ్లు ఒల్కిలువోటో దగ్గర 400 మీటర్ల పైన లోతులో గట్టి రాతిలో ఓంకలో అనే సొరంగాల గోదాం కట్టారు, లక్ష ఏళ్లు దాచడానికి.

కెమిస్ట్రీ_మేడం
పెట్టే తీరు వేరు, టెక్నాలజీ వేరు అని విడదీసేస్తే వాదన ఎప్పుడూ మీరే గెలుస్తారు మధు గారూ. పొలంలో, ఊళ్లో ఈ రెండూ కలిసే వస్తాయి.

ఎరువు సంగతి తీసుకోండి. 1909లో హాబర్ గాలిలోని నత్రజనిని అమోనియాగా మార్చాడు, బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. ఇవాళ ప్రపంచంలో దాదాపు సగం మంది తినే తిండి ఆ నత్రజని మీద ఆధారపడి ఉంది. కాబట్టి మనుగడ గురించి మాట్లాడితే దీని గురించి మాట్లాడాల్సిందే. అమోనియాకి కావాల్సిన హైడ్రోజన్ ఇప్పుడు సహజవాయువు నుంచో బొగ్గు నుంచో వస్తుంది. దాని బదులు సోలార్ కరెంటుతో నీటిని విడగొట్టి గ్రీన్ అమోనియా చేస్తామని కాకినాడలో పనులు నడుస్తున్నాయి. చాలా మంచిది, నా పిల్లలకి క్లాసులో గర్వంగా చెప్తాను. కానీ మన రైతు చల్లేది అమోనియా కాదు, యూరియా. యూరియా అణువులో కార్బన్ ఉంటుంది, దాన్ని చేయడానికి కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఇప్పుడది ఆ సహజవాయువు నుంచే దొరుకుతోంది. గ్యాసు తీసేస్తే అది ఇంకెక్కడి నుంచో తేవాలి. తెచ్చినా, చల్లాక అదే కార్బన్ గాల్లోకి పోతుంది.

ఇంకా పెద్ద చిక్కు పొలంలో ఉంది. వేసిన నత్రజనిలో పంట తీసుకోగా మిగిలింది నీళ్లలోకి నైట్రేటుగా, గాల్లోకి నైట్రస్ ఆక్సైడుగా పోతుంది. ఈ నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడెక్కిస్తుంది. మీ అమోనియా గ్రీనా, బొగ్గుదా అన్నది మట్టికి తెలీదు. బస్తా 266 రూపాయలకి వస్తుంటే, పక్క చేను ముదురు ఆకుపచ్చగా ఉంటే, మనది లేతగా కనిపిస్తే ఇంకో బస్తా చల్లేస్తాం. ఫ్యాక్టరీని ఎంత శుభ్రం చేసినా ఆ ఇంకో బస్తా అలాగే ఉంటుంది.

మంజీరతీరం
పటాన్‌చెరు వైపు నుంచి ఒకటి కలుపుతాను. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ప్రచురించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉంది, ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. గమనించండి, అది శుద్ధి అయ్యాక వదిలిన నీరు. మందులకి లొంగని బ్యాక్టీరియా తయారవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. యాంటీబయాటిక్స్ పనిచేయని రోజొస్తే కాన్పు, చిన్న ఆపరేషన్ కూడా ప్రాణాల మీదికొస్తుంది. మరి వాతావరణం గురించి ఇంత మాట్లాడేవాళ్లు దీని గురించి ఎందుకు మాట్లాడరు? యాంటీబయాటిక్స్‌కి పరిమితులు పెడతామని 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా ఇచ్చింది, 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్లో ఆ పరిమితులు లేవు. నీళ్లలోంచి మందు తీసే పద్ధతులు ఉన్నాయి. తీయాల్సిందే అన్న నిబంధన లేనప్పుడు ఏ కంపెనీ అయినా ఆ ఖర్చు ఎందుకు పెడుతుంది?

గోదారిగట్టు
ఇప్పటిదాకా చదివాక నాకు అర్థమైంది రాస్తాను. సోలార్ మోటారు, యూరియా, పటాన్‌చెరు, మూడింట్లోనూ వస్తువు ఉంది, హద్దు లేదు. మాంట్రియల్‌లో వస్తువుతో పాటు హద్దు కూడా ఉంది, అందుకే ఫలించింది. అయితే మన ఊరి స్థాయిలో అలాంటి హద్దు జనమే పెట్టుకున్న చోటు ఏదైనా ఉందా?

సబ్‌స్టేషన్_శ్రీను
ఉంది. ఉమ్మడి ఏపీలో 2003 నుంచి కొన్నేళ్లు నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు, ఏడు కరవు జిల్లాల్లో 638 ఊళ్లు. ఎవరూ మీటర్లు పెట్టలేదు, ఫైన్లు వేయలేదు. రైతులే వానమాపకం చూసి వర్షం రాసుకునేవాళ్లు, బోర్లలో నీటిమట్టం కొలిచేవాళ్లు, రబీకి ముందు అందరూ కూర్చుని ఈ ఏడు భూమిలో ఇంత నీరు చేరింది, మనం వేద్దామనుకున్న పంటలకి ఇంత కావాలి అని గోడ మీద లెక్క వేసేవాళ్లు. నీటి లోటు కళ్లకి కనబడేది. చాలా చోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటలకి మళ్లారు. చట్టం ద్వారా చేయాలని 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) తెచ్చారు, బోరు వేయాలంటే అనుమతి కావాలని అందులో ఉంది, అది ఎంత అమలైందో ఇక్కడ అందరికీ తెలుసు.

సోలార్ మోటారుకి సంబంధించి అయితే గుజరాత్ ఖేడా జిల్లాలో ధుండి అనే ఊరు. 2016లో అక్కడి రైతులు సహకార సంఘం పెట్టుకుని సోలార్ పంపుల్ని గ్రిడ్‌కి కలిపారు. మోటారు ఆపితే ఆ కరెంటు గ్రిడ్‌కి పోతుంది, యూనిట్‌కి ఇంత అని డబ్బొస్తుంది. తోడకపోతే ఆదాయం. ఇది పంపిణీ వైపు నుంచి చూసినా మంచిదే, పగటిపూట ఊళ్లోనే కరెంటు పుడుతుంది కాబట్టి లైన్ నష్టాలు తగ్గుతాయి.

కళ్యాణదుర్గం_రైతు
ఇది బాగుంది శ్రీను అన్నా. కానీ రేటు మీద ఉంటుంది కథంతా. చీనీ మీద నాలుగు రూకలు ఎక్కువొచ్చే ఏడాది మీ యూనిట్ డబ్బుకి ఎవరు మోటారు ఆపుతారు? ఆ డబ్బు నెలనెలా పడుతుందా, బిల్లులు ఏడాది పెండింగులో పెడతారా? మా వైపు పాల డబ్బు ఒక వారం ఆలస్యమైతేనే గొడవ.

సబ్‌స్టేషన్_శ్రీను
న్యాయమైన అనుమానం. డబ్బు టైముకి పడకపోతే స్కీము చచ్చిపోతుంది, అందులో రెండో మాట లేదు. రేటు కూడా పంట రాబడితో పోటీ పడలేదు, అన్ని ఏళ్లలో. అందుకే ధుండి పద్ధతి ఒక్కటే చాలదు, 638 ఊళ్లలో చేసిన లెక్క కూడా దాంతో పాటు ఉండాలి. తోట ఉన్నవాడికి ఎండాకాలం ప్రాణరక్షణ తడి ఎంతో ఊరే నిర్ణయించాలి.

నల్లబంగారం
ఆ సహకార సంఘం ఆలోచన మాకూ కావాలి. గని మూసిన భూముల్లో సోలార్ పెట్టేటప్పుడు చుట్టుపక్కల ఊళ్లకి అందులో వాటా ఎందుకు ఉండకూడదు? కూలీ కాకుండా వాటా.

మ్యూనిక్‌మధు
వాటా ఇక్కడ మామూలే. జర్మనీలో గాలిమరల్లో, సోలార్‌లో ఊరి సహకార సంఘాలు వందల్లో ఉన్నాయి, మా పక్క ఊరి సంఘంలో చేరాలంటే పెద్ద పెట్టుబడి కూడా అక్కర్లేదు. ఒక్క విషయంలో మాత్రం నేను మారను. హద్దుల గురించి మాట్లాడుకుంటూ సోలార్, బ్యాటరీ వేగం తగ్గిస్తే ఆ ఆలస్యానికి అయ్యే నష్టం తిరిగి రాదు. గాల్లో చేరిన కార్బన్ వందల ఏళ్లు ఉంటుంది.

కెమిస్ట్రీ_మేడం
వేగం తగ్గించమని ఇక్కడ ఎవరూ అనలేదండీ. ప్యానెల్ బిగించే రోజునే లెక్క పుస్తకం కూడా తెరవమంటున్నాం.

కళ్యాణదుర్గం_రైతు
శ్రీను అన్నా, బోర్లో నీటిమట్టం కొలవాలంటే ఏం కావాల? మోటారు దింపి ఉన్న బోర్లో తాడు వేస్తే చిక్కుకుంటుంది. రబీకి ముందు మా పది పన్నెండు బోర్లన్నా కొలిచి చూద్దామని ఉంది. చీనీ పెట్టినాయనతో నేను మాట్లాడతా, ఆయన కూడా భయపడే ఉన్నాడు ఇప్పుడు.

సబ్‌స్టేషన్_శ్రీను
మోటారు ఉన్న బోరు వదిలేయండి, ఊళ్లో నీళ్లు కనబడుతూ ఎవరూ వాడని పాత బోరు ఒకటి రెండు ఉంటాయి, వాటిలో కొలవండి. చుట్టూ మోటార్లు ఆపి కొన్ని గంటలయ్యాక, అంటే తెల్లవారుజామున కొలిస్తే సరైన లెక్క వస్తుంది. సోలార్ కాబట్టి రాత్రంతా ఎలాగూ ఆగే ఉంటాయి, మీకు ఆ పని తేలిక. నీళ్లు తగలగానే బీప్ అనే టేపు ఉంటుంది, భూగర్భజల శాఖ జిల్లా ఆఫీసులో అడగండి. మీ మండలంలో వాళ్ల పీజోమీటర్, అంటే నీటిమట్టం కొలవడానికే వేసిన బోరు, ఉంటే దాని పాత రీడింగులు కూడా తీసుకోండి, మీ బోర్లతో పోల్చుకోవచ్చు. పంటల వారీ నీటి లెక్క పట్టిక తెలుగులోది నా దగ్గర ఉంది, చీనీ చెట్టు వయసుని బట్టి ఎంత కావాలో అందులో ఉంది. రేపు డ్యూటీ దిగాక ఇక్కడే పెడతాను.